‘పర్షియన్లు’ చూసిన ఏథెన్సువాసులు ఎవరి కోసం దుఃఖించారు?

నమస్కారం. ప్రాచీన గ్రీకు విషాద నాటకాలతో పరిచయం ఉన్నవారు నా సందేహం తీర్చగలరని ఆశిస్తున్నాను. గ్రీకులు పర్షియన్లను ఓడించిన సలామిస్ నౌకాయుద్ధం ముగిసిన 8 ఏళ్లకు, క్రీ.పూ. 472లో, ఈస్కిలస్ రాసిన ‘పర్షియన్లు’ ఏథెన్సులో ప్రదర్శితమైంది. బృందగానం ఖర్చంతా భరించినవాడు, తర్వాత ఏథెన్సు నాయకుడిగా ఎదిగిన పెరిక్లీస్; అప్పటికి యువకుడు. ఆ యుద్ధంలో స్వయంగా తెడ్డు వేసినవారు కూర్చుని చూస్తుండగా, ఓడిన శత్రురాజు జెర్క్సీజ్ చినిగిన బట్టలతో వచ్చి, వృద్ధుల బృందంతో కలిసి గుండెలు బాదుకుంటూ విలపిస్తాడు. అంతకు సుమారు 20 ఏళ్ల ముందు, ఏథెన్సుకు ఆత్మీయమైన గ్రీకు నగరం మిలీటస్ పర్షియన్ల చేతిలో పతనమవడాన్ని నాటకంగా చూపి జనాన్ని ఏడిపించినందుకు నాటకకర్త ఫ్రినికస్‌కు 1,000 డ్రాక్మాల (నాటి గ్రీకు నాణేల) జరిమానా విధించారని చరిత్రకారుడు హెరొడోటస్ చెబుతాడు. ఆత్మీయుల శోకాన్ని సహించలేని నగరం శత్రువు శోకానికి మొదటి బహుమతి ఎందుకిచ్చింది? అది విజయోత్సవమా, లేక పౌరులంతా ఒకచోట కూర్చుని తమ గర్వాన్ని తామే పరీక్షించుకోవడమా? నా మనసు రెండోదానివైపే మొగ్గుతోంది. మూలం చదివినవారు, నాటకంలోని ఏ ఘట్టం దీన్ని సమర్థిస్తుందో, ఏది ఖండిస్తుందో దయచేసి వివరించగలరా?