థెరమిన్‌ని (ముట్టుకోకుండా గాలిలో చేతులు కదిపి వాయించే ఎలక్ట్రానిక్ వాయిద్యం) ల్యాప్‌టాప్‌కి కలిపితే హమ్, పైగా ఆలస్యం. ఏం చేయాలి?

మాది విజయనగరం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు కాబట్టి తీగల సంగతి ఎవరినడిగినా చెబుతారు. థెరమిన్ అంటే మాత్రం గంటస్తంభం దగ్గర షాపుల్లో కరోకే మైక్ చూపిస్తున్నారు!

పావు అంగుళం జాక్‌ని కన్వర్టర్ పిన్నుతో ల్యాప్‌టాప్ మైక్ ఇన్‌పుట్‌కి పెడితే సౌండ్ పగిలిపోతోంది. అందుకే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (వాయిద్యాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే బయటి సౌండ్ కార్డు) కొందామనుకుంటున్నా. ఒక్క ఇన్‌పుట్ ఉన్నది సరిపోతుందా?

అసలు తంటా ఎర్తింగ్‌తో. ల్యాప్‌టాప్‌కి చార్జర్ ఉంటే గుయ్‌మని హమ్. తీసేస్తే హమ్ పోతుంది గానీ స్వరం నిలవదు. గాంధారం దగ్గర చెయ్యి కదపకుండా ఉంచినా మెల్లగా మధ్యమానికి పాకుతుంది. థెరమిన్‌కి విడిగా ఎర్త్ వైరు ఇవ్వాలా, మధ్యలో డీఐ బాక్స్ (హమ్ తగ్గేలా సిగ్నల్‌ని మార్చి పంపే చిన్న పెట్టె) పెట్టాలా?

ఇంకోటి, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రివర్బ్ (గది ప్రతిధ్వని లాంటి ఎఫెక్టు) వేసి వింటే చెయ్యి కదిపాక కాసేపటికి సౌండ్ వస్తోంది. మెట్లు లేని వాయిద్యం, చెవే ఆధారం; ఆలస్యమైతే గమకం చెడుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ల బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కోసారి పోగేసుకునే సౌండ్ ముక్క) అంటే లెక్కకి 5 మిల్లీసెకన్ల పైచిలుకే, కానీ చెవికి అలా లేదు. ఏఎస్‌ఐఓ డ్రైవర్ (విండోస్‌లో ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవర్) వేస్తే చాలా, లేక డైరెక్ట్ మానిటరింగ్‌లో (ల్యాప్‌టాప్‌లోకి వెళ్లి రాకుండా ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా వింటూ) వాయించి ఎఫెక్టులు తర్వాత కలుపుకోవాలా?

బడ్జెట్ పదివేల లోపు. సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు, వాడినవాళ్లు చెప్పండి.