రాత్రి 7 దాటితే పార్కు నుంచి తిరుపతికి బండి కష్టం, మీకెవరికైనా ఇట్ల అయ్యిందా?

కొర్లగుంట కోడలు:
అందరికీ నమస్తే. చిత్తూరు వైపు పోయే దారిలో ఒక వాటర్ పార్కుకి పోయిన శనివారం పొయ్యినాం, రూములు కూడా ఉండే రిసార్టు అది. పేరు రాయడం లేదు, ఎవురితోనో గొడవ పెట్టుకోవాలని కాదు, నా మాదిరి ఇంకొకరు ఇరుక్కోకూడదని రాస్తా ఉండా.

పోయిన ఏడు పొయ్యినప్పుడు పార్కు బండి అరగంటకొకటి ఉండింది, రాత్రి 10 దాకా తిప్పేవాళ్ళు, బస్టాండుకాడ శ్రీనివాసం ఎదురుగా దించేవాళ్ళు. ఆ నమ్మకంతోనే ఈసారి కారు తీయలేదు, అనంతపురం నుంచి మా ఆడబిడ్డ వాళ్ళు వొచ్చినారు, పిల్లోళ్ళతో కలిపి ఎనిమిది మందిమి, ఒక కార్లో యాడ పడతాం. పొద్దున పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. 7 గంటలకి ఫౌంటెన్ షో మొదలయ్యి 8.30కి అయిపోతుంది, పిల్లోళ్ళు పొద్దున్నించీ దానికోసమే కాచుకోనుండారు. షో చూసుకుని గేటుకాడికి వొస్తే నూరు మందికి పైన నిలబడుండారు, బండి మాత్రం లేదు. సెక్యూరిటీ ఆయన్ని అడిగితే ఇప్పుడు 7 తర్వాత రెండే ట్రిప్పులమ్మా, 7.30ది పొయ్యింది, ఇంగ 9.15ది ఒకటే, అందులో 26 సీట్లు అన్నాడు. ఆయన్ని అని ఏం లాభం, ఆయన చేతిలో ఏముండాది.

మా అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు, కూర్చునేదానికి ఒక బెంచీ లేదు, గేటు పక్కన అరుగు మీద చున్నీ పరిచి కూర్చోబెట్టినాను. 9.15 బండి వొస్తానే తోపులాట, చంకలో చిన్నోడిని పెట్టుకుని నేనెట్ల ఎక్కేది. ఫోన్లో క్యాబ్ బుక్ చేస్తే ఇద్దరు ఒప్పుకుని మళ్ళీ క్యాన్సిల్ చేసినారు. ఆఖరికి రెండాటోలు, ఒక్కోటి 900. ఇంటికి వొచ్చేసరికి 11.15. తెల్లారుజామున లేచి విష్ణునివాసంలో సర్వదర్శనం టోకెన్ల క్యూలో నిలబడాలని మా ఆడబిడ్డ వాళ్ళు అనుకోనుండారు, ఎవురూ లేవలేకపొయ్యినారు, దర్శనం లేకుండానే ఊరికి పొయ్యినారు. నాకు దుడ్ల కంటే అదే బాధగా ఉండాది. టికెట్ కొనేటప్పుడు ఒక్క మాట చెప్పుంటే షో వొదిలేసి 7.30కే ఎక్కేవాళ్ళం గదా. మీరెవరైనా పొయ్యుంటే ఎట్ల తిరిగొచ్చినారో రాయండి.

పాకాల జంక్షన్:
మాకూ ఇదే అయ్యింది అక్కా, రెండు వారాల కిందట. మేము నలుగురు ఫ్రెండ్సుమి కాబట్టి గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా నడిచినాం, కిలోమీటరున్నర ఉంటుంది, మధ్యలో లైట్లు లేవు, ఫోన్ టార్చి వేసుకుని పొయ్యినాం. ఎక్స్‌ప్రెస్‌లకి ఆడ స్టాపింగ్ లేదు, పల్లెవెలుగు చెయ్యెత్తితే ఆపినాడు. ఆడోళ్ళకైతే 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఫ్రీనే కాబట్టి ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, జీరో టికెట్ కొడతారు. కానీ పిల్లోళ్ళు, పెద్దోళ్ళు ఉంటే ఆ చీకట్లో నడిచేది మాత్రం వొద్దు, నేను చెప్పను.

గాంధీరోడ్డు:
రూము తీసుకున్నోళ్ళకి వేరే బండి ఉంటుందా ఎవరికైనా తెలుసా? వొచ్చే నెల మా తమ్ముడు వాళ్ళు బుక్ చేసినారు.

పీలేరు పిల్ల:
ఉంది గానీ అడగాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మేము రెండు రోజులు రూములో ఉన్నాం. మొదటి రోజు సాయంత్రం గోవిందరాజస్వామి గుడికి పొయ్యి అట్లే టౌన్లో టిఫిన్ చేసి తిరిగి రావాలని అనుకున్నాం, పొయ్యేదానికి 5.30 బండి దొరికింది, తిరిగి వొచ్చేదానికే లేదు. పార్కు నుంచి టౌనుకి పొయ్యే ట్రిప్పుల గురించే అందరూ అడుగుతారు, టౌను నుంచి పార్కుకి ఆఖరి బండి ఎప్పుడో ఎవరూ అడగరు, అది మేము పొయ్యినప్పుడు 8 గంటలకే. గుడిలో క్యూ రొంత ఆలస్యం అయ్యి 8.10కి బస్టాండుకాడికి వొచ్చినాం, పొయ్యింది. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే రూము వాళ్ళకి కారు పంపిస్తాం మేడమ్, కానీ సాయంత్రం 5 లోపల చెప్పాలి, డ్రైవర్ వెళ్ళిపొయ్యినాడు అన్నారు. చెక్ ఇన్ అప్పుడు వైఫై పాస్‌వర్డు, బ్రేక్‌ఫాస్టు టైము అన్నీ చెప్పినారు, ఇది చెప్పలేదు. మీ తమ్ముడు వాళ్ళని దిగినప్పుడే అడగమనండి, పోను టైము, రాను టైము రెండూ.

గాంధీరోడ్డు:
థ్యాంక్స్ అమ్మా, చెప్తాను.

వేవ్‌పూల్:
ఇన్ని రోజులు చదువుతా ఉన్నా, రాయాలా వొద్దా అని. నేను అక్కడే పనిచేస్తాను, పూల్ దగ్గర లైఫ్‌గార్డుని. మీరు సంవత్సరానికి ఒక రోజు పడే ఇబ్బంది మాకు రోజూ ఉండాది. పాత టైమింగ్స్ ఉన్నప్పుడు 10 గంటల బండిలో వెనకాల సీట్లు మాకే, దారిలో ఊళ్ళల్లో ఒక్కొక్కరిని దించుకుంటా పొయ్యేది. ఇప్పుడు 9.15కి ఆఖరి బండి, మాకు డ్యూటీ అయ్యేది 9.30కి. పూల్ క్లోరిన్ చూసి, ట్యూబులు లెక్కపెట్టి లోపల పెట్టి, రిజిస్టర్లో సంతకం పెట్టి బయటికి రావాలి, ముందే పరిగెత్తేదానికి లేదు.

మగోళ్ళం ఒక బైకు మీద ముగ్గురం పోతాం, తప్పని తెలుసు. కిచెన్లో, హౌస్‌కీపింగ్‌లో చేసే అక్కోళ్ళు ఉండారు, దామలచెరువు వైపు నుంచి వొచ్చేవాళ్ళు, వాళ్ళు ఐదుగురు కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నారు, మనిషికి రోజుకి 80. నెలకి లెక్కెయ్యండి ఎంత అవుతుందో. మామిడి సీజన్లో ఆ దారి నిండా లారీలు తిరగతానే ఉంటాయి కాబట్టి రొంత ధైర్యం, మిగిలిన నెలల్లో ఆ రోడ్డు మీద మనిషి కనపడడు. ఒక అక్క ఇంటికి చేరినాక గ్రూపులో ఒక చెయ్యి బొమ్మ పెడుతుంది, అది వొచ్చేదాకా మిగతా వాళ్ళు పడుకోరు. ఇంతవరకు ఏమీ కాలేదు, దేవుడి దయ.

మేము అడిగినాం. సాయంత్రం బండ్లల్లో జనం లేరు, సోమవారం నుంచి గురువారం దాకా ఖాళీగా తిరగతా ఉండాయి, అందుకే తీసేసినాం అన్నారు. అది నిజమే, వారం మధ్యలో నిజంగానే ఖాళీ. శని ఆదివారాలు మాత్రం మీరు చూసినారు గదా.

రిటైర్డ్ స్టీరింగ్:
నేను ముప్పై ఏండ్లు బస్సు తోలినాను, ఘాట్ రోడ్డు కూడా తోలినాను, కాబట్టి నాకు తెలిసింది చెప్తా, ఎవురినీ వెనకేసుకొచ్చేదానికి కాదు.

సాయంత్రం బండి తీసెయ్యడానికి రెండు కారణాలు ఉంటాయి. ఒకటి ఆ తమ్ముడు చెప్పిందే, జనం ఒక వైపే ఉంటారు. రాత్రి 8.30కి పార్కు నుంచి నిండుగా పొయ్యిన బండి మళ్ళీ పార్కుకి ఖాళీగా రావాలి, దాన్ని మేము డెడ్ కిలోమీటర్లు అంటాం, డీజిల్ కాలుతుంది, రూపాయి రాదు. రెండోది డ్రైవర్ డ్యూటీ. మోటారు ట్రాన్స్‌పోర్టు వర్కర్ల చట్టం 1961లోనే వొచ్చింది, 2025 నవంబర్లో దాని బదులు కొత్త కోడ్ వొచ్చిందిలే, మేము తోలేటప్పుడు ఆ చట్టం ప్రకారం మామూలుగా రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు, మధ్యలో విశ్రాంతి కలుపుకుని స్ప్రెడ్ ఓవర్, అంటే డ్యూటీ ఎక్కినకాడి నుంచి దిగేదాకా, 12 గంటలు దాటకూడదు, ఏకధాటిగా 5 గంటలు తోలినాక అరగంట రెస్టు ఇవ్వాలి అని ఉండింది. పొద్దున 8కి ఎక్కిన డ్రైవర్ని రాత్రి 10కి తోలమంటే కుదరదు, తోలకూడదు కూడా, నిద్ర మత్తులో 26 మంది ప్రాణాలు వాడి చేతిలో ఉంటాయి. అందుకని మధ్యాహ్నం 1కి ఎక్కి రాత్రి 10కి దిగే రెండో షిఫ్టు మనిషి కావాల. నాకనిపించేది, ఆ రెండో షిఫ్టు జీతమే మిగల్చుకున్నారు.

ఇప్పుడు లెక్క చూడండి. పార్కు నుంచి తిరుపతికి 22 కిలోమీటర్లు అంటే రాత్రి పూట 40 నిమిషాలు, ఆ కొసన ఈ కొసన ఎక్కించి దించేదానికి పదేసి నిమిషాలు, పొయ్యి వొచ్చేదానికి మొత్తం 100 నిమిషాలు. షో అయినాక 150 మంది నిలబడితే 26 సీట్ల బండి ఆరు ట్రిప్పులు కొట్టాల. 8.45కి మొదలుపెడితే ఆరో ట్రిప్పులో మనిషి ఇల్లు చేరేసరికి తెల్లారి 6 కావస్తుంది! కాబట్టి ట్రిప్పులు పెంచమని అడగొద్దు, ఒకే టైముకి బండ్లు పెంచమని అడగండి. అందరూ ఒకేసారి బయటికొచ్చే చోట అరగంటకొక బండి ఎందుకూ పనికి రాదు. తిరుచానూరు పంచమి తీర్థం రోజు మేము చేసింది అదే, జనం వొచ్చే ముందే బండ్లు వరసగా పెట్టుకుని, నిండింది నిండినట్టు పంపించడం. శని ఆదివారాలకి రెండు పెద్ద బస్సులు అద్దెకి మాట్లాడుకుంటే సరిపోతుంది, పెండ్లిళ్ళకి ఆర్టీసీ వాళ్ళు అద్దెకి ఇస్తారు గదా, అట్ల. స్కూలు బస్సులు ఖాళీగా ఉంటాయని ఎవరైనా అంటారు, వాటి పర్మిట్ వేరే, దాని జోలికి పోవద్దు.

ఓర్లాండో తిరుపతోడు:
పెద్దాయన చెప్పింది నూటికి నూరు శాతం కరెక్టు. నేను భవానీ నగర్లో పుట్టి పెరిగినోడిని, ఇప్పుడు ఫ్లోరిడాలో ఉంటా. ఈడ డిస్నీ వరల్డ్ దాదాపు 25 వేల ఎకరాలు, 1971 అక్టోబర్ 1న తెరిచినారు, నాలుగు పెద్ద పార్కులు, ఇరవైకి పైన హోటళ్ళు, అన్నింటికీ ఫ్రీ బస్సులు, కొన్నింటికి మోనోరైలు, పడవలు, 2019 సెప్టెంబర్ నుంచి స్కైలైనర్ అని తాడు మీద పొయ్యే డబ్బాలు కూడా. మా అమ్మ నాన్న వొచ్చినప్పుడు తీసుకుపొయ్యినా, బాణసంచా అయిపోతానే వేల మంది ఒక్కసారిగా బయటికి వొస్తారు, బస్సులు ముందే వరసలో ఉండినాయి, ఒకటి నిండి కదిలితే ఇంకొకటి వొచ్చి నిలబడింది, పార్కు మూసినాక కూడా చాలాసేపు తిరగతానే ఉండినాయి. లైను పెద్దదే, కానీ ఎవరూ తోసుకోలేదు, ఎందుకంటే ఇంకో బస్సు వొస్తుందని అందరికీ తెలుసు. మా అమ్మ తిరుమల కంపార్ట్‌మెంట్లో కూర్చున్నట్టు హాయిగా కూర్చునింది.

అట్లని ఈడ అన్నీ బాగుండాయని కాదు. ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి ఫ్రీగా తీసుకుపొయ్యే బస్సు 2005 నుంచి ఉండింది, 2022 మొదట్లో నిలిపేసినారు, ఇప్పుడు ఎవరి దుడ్లు వాళ్ళు పెట్టుకోవాల్సిందే. ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి నేరుగా బస్సు ఉండదు, పార్కులు మూసేసినాక డిస్నీ స్ప్రింగ్స్ అనే బజారుకి పొయ్యి ఆడ బస్సు మారాల, రాత్రి పూట పసిపిల్లోళ్ళతో అది గంటకి పైన పని. పిడుగులు పడతా ఉంటే స్కైలైనర్ ఆపేస్తారు, ఫ్లోరిడాలో ఎండాకాలం సాయంత్రాలు అది మామూలే. కానీ ఏది ఎప్పుడు ఉందో ఎప్పుడు లేదో బోర్డు మీద, ఫోన్లో కనపడుతుంది. మనూర్లో కావాల్సింది మొదట అది. బండి తీసేస్తే తీసేసినారు, గేటు కాడ పెద్ద అక్షరాలతో రాసి పెట్టేదానికి ఖర్చేముండాది.

చిత్తూరు కట్టమంచి:
మీకు రెండు ట్రిప్పులైనా ఉండాయి, చిత్తూరు వైపు పొయ్యే మాకు మొదటి నుంచీ ఒక్కటి కూడా లేదు. మేము ఇప్పుడు చేసేది ఏందంటే పది పన్నెండు మంది కలిసి పొద్దున్నే టెంపో మాట్లాడుకుని పొయ్యి, డ్రైవర్‌కి కూడా లోపల భోజనం టికెట్ కొనిపెట్టి, షో అయినాక అదే బండిలో వొచ్చేస్తాం. మనిషికి 350 పడింది పోయినసారి. చిన్న ఫ్యామిలీలకి కుదరదు, అది నిజం.

కొర్లగుంట కోడలు:
ఇంతమంది రాస్తారని అనుకోలేదు. వేవ్‌పూల్ తమ్ముడు రాసింది చదివి మా అత్తమ్మకి కూడా చదివి వినిపించినాను, ఆమె ఒక్కటే అనింది, మనం ఒక రోజు కూర్చున్న అరుగు మీద ఆ పిల్లలు రోజూ కూర్చుంటారేమో అని. నిన్న నేను మా ఆయన ఇద్దరం పార్కుకి పొయ్యి మేనేజర్ని కలిసినాం. పెద్దాయన వేసిన లెక్క కాగితం మీద రాసుకుని తీసుకుపొయ్యినా. ఆయన మర్యాదగానే మాట్లాడినాడు, కాఫీ ఇప్పించినాడు. మేము అడిగింది ఆఖరి బండి టైము టికెట్ కౌంటర్ దగ్గర తెలుగులో రాసి పెట్టమని, శని ఆదివారాలు షో అయిపొయ్యిన వెంటనే బండ్లు వరసగా పెట్టమని, 9.45కి స్టాఫ్ కోసం ఒక బండి, అందులో సీటు మిగిలితే జనాన్ని కూడా ఎక్కించుకోమని. బోర్డు ఆ రోజే రాయించినాడు, మేము ఉండంగానే అంటించినారు. బండ్ల గురించి ఓనర్‌తో మాట్లాడాలి, వారం టైమ్ ఇవ్వండి అన్నాడు.

రిటైర్డ్ స్టీరింగ్:
మంచి పని చేసినావమ్మా. స్టాఫ్ బండి విషయం వొదలొద్దండి. జనం ఒక వారం అరిచి మర్చిపోతారు, ఆ పిల్లలు రోజూ పోవాల.

పీలేరు పిల్ల:
రూము వాళ్ళ కారు 5 లోపల చెప్పాలనేది కూడా రిసెప్షన్లో రాయించమని చెప్పినారా అక్కా?

కొర్లగుంట కోడలు:
అయ్యో, అది మర్చిపొయ్యినా. ఫోన్ చేసి చెప్తా.

వేవ్‌పూల్:
ఈరోజు శనివారం. 8.45కి రెండు బస్సులు వొచ్చినాయి, ఒకటి మన మినీ బస్సు, ఇంకొకటి 50 సీట్ల అద్దె బస్సు. అయినా కొంతమంది మిగిలిపొయ్యినారు, 9.15 దాంట్లో పొయ్యినారు. మాకు 9.45 బండి ఇచ్చినారు కానీ శని ఆదివారాలకే అన్నారు, వారం మధ్యలో ఇంగా ఆటోనే. దామలచెరువు అక్కోళ్ళు వైపు వేరే గదా, ఈ బండి తిరుపతి వైపు పోతుంది, వాళ్ళని మెయిన్ రోడ్డు స్టాపు దాకా దించినాడు, ఆడ చిత్తూరు బస్సు దొరికేదాకా డ్రైవరన్న బండి ఆపి లైట్లు వేసి పెట్టినాడు. ఇప్పుడే గ్రూపులో చెయ్యి బొమ్మ వొచ్చింది, 10.40.

పాకాల జంక్షన్:
ఆ స్టాపు నాకు తెలుసు తమ్ముడూ, షెల్టర్ ఉంది గానీ లైటు లేదు. మా వార్డు మెంబర్‌కి బావమరిది ఆ పంచాయతీలోనే ఉండాడు, సోమవారం పొయ్యి అడుగుతా. ఎవరైనా జతకి వొస్తారా?

కొర్లగుంట కోడలు:
మా ఆయన వొస్తాడు. ఎన్ని గంటలకి?