తెలుగు చదవడానికి ఏది తీసుకోవాలి: కిండిలా, కోబోనా, బూక్సా?

దేవరకొండ పాఠకుడు:
మా నాన్న రిటైరయ్యారు. పాత తెలుగు పుస్తకాలంటే ప్రాణం. ఫోన్‌లో చదివితే కళ్లు మంటలంటున్నారు. ఇ-రీడర్ (పుస్తకాలు చదవడానికే చేసిన మిషన్) కొందామంటే అడిగిన ప్రతివాళ్లూ కిండిల్ అనే చెబుతున్నారు. కోబో, బూక్స్ ఎట్లుంటాయి? వాడినవాళ్లు చెప్పండి.

మిర్యాలగూడ టీచర్:
కళ్లు మూసుకుని కిండిల్ తీసుకో తమ్ముడూ. బరువుండదు, ఛార్జింగ్ వారాల తరబడి ఆగుతుంది, ఎండలో కూర్చున్నా అక్షరం స్పష్టంగా కనబడుతుంది. నేను రోజూ నల్లగొండ బస్సులో అదే చదువుతా.

పాలమూరు చదువరి:
సార్, మీరు చెప్పిన మాటలు నిజమే. కానీ అది కిండిల్ గొప్ప కాదు, కాగితం మీది అచ్చులా కనబడే ఇ-ఇంక్ తెర గొప్ప. పేజీ తిప్పినప్పుడే ఆ తెర కరెంటు తీసుకుంటుంది. కోబోలో, బూక్స్‌లో ఉన్నదీ ఇ-ఇంక్ తెరే. తేడా వచ్చేది పుస్తకాల దగ్గర. 2016 చివర్లో కిండిల్ స్టోర్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టారు. తెలుగుకు చోటివ్వలేదు. ఇన్ని కోట్ల మంది చదివే భాషను పక్కన పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తమ్ముడూ, ముందు మీ నాన్నగారు చదివేవి ఏ రూపంలో దొరుకుతున్నాయో చూడు. మన సురవరం ప్రతాపరెడ్డిగారు 1953లో పోయారు. రచయిత పోయిన అరవై ఏళ్లకు మన చట్టం ప్రకారం కాపీరైట్ తీరిపోతుంది కాబట్టి, 2014 నుంచి ఆయన రచనలు ఎవరైనా పంచుకోవచ్చు. ఆ తరం పుస్తకాలు నెట్‌లో ఎక్కువగా దొరికేది స్కాన్ పీడీఎఫ్‌లుగానే. స్కాన్ అంటే పేజీకి తీసిన ఫొటో. దాన్ని ఆరంగుళాల తెరలో ఇరికిస్తే అక్షరం కింది వత్తు చుక్కలా మిగులుతుంది, త-వత్తో న-వత్తో పోల్చుకోలేం. పెద్దది చేస్తే ప్రతి లైనుకూ తెర అటూ ఇటూ జరపాలి. ఇ-ఇంక్‌లో అది నత్తనడక. పెద్దాయన పది పేజీలకే విసుగొచ్చి పక్కన పడేస్తారు. అందుకే పదంగుళాల తెర ఉన్న బూక్స్ చూడు.

మిర్యాలగూడ టీచర్:
ఈపబ్‌గా, అంటే తెర సైజుకు తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఫైలుగా మార్చుకుంటే సరిపోతుంది కదా? ఫైళ్లు మార్చే కాలిబర్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. 2022 నుంచి కిండిల్‌కు ఈపబ్ పంపినా తీసుకుంటోంది. పదంగుళాల మిషన్ అంటే ఖర్చెంత? రిటైరైన మనిషికి అంత పెట్టాలా?

పాలమూరు చదువరి:
ఫొటోలో అక్షరాలే లేవు సార్, కాలిబర్ ఏం మారుస్తుంది? కొత్త పుస్తకాల పీడీఎఫ్‌లు కూడా చాలా వరకు అను ఫాంట్లలో కంపోజ్ చేసినవే, అన్ని మిషన్లూ తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్ కాదు. మారిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి.

ఖర్చు మాట ఒప్పుకుంటా, పదంగుళాలది బాగా ఎక్కువే. అంత వద్దనుకుంటే ఏడంగుళాల కోబో చూడొచ్చు. అందులో కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు. అది స్కాన్ పేజీ అంచుల్లోని తెల్ల జాగా తీసేస్తుంది, మాటలను ముక్కలుగా కోసి తెర వెడల్పుకు తగ్గట్టు మళ్లీ పేరుస్తుంది. బూక్స్ ఆండ్రాయిడ్ కాబట్టి అక్కడ మామూలు యాప్‌లాగే ఎక్కుతుంది. కిండిల్‌లో కావాలంటే జైల్‌బ్రేక్ చేయాలి, అంటే కంపెనీ పెట్టిన కట్టడిని తప్పించాలి, నాన్నగారి మిషన్ మీద ఆ టెన్షన్ ఎందుకు? బూక్స్‌కూ లోపం ఉంది, బ్యాటరీ కిండిల్ అంత ఆగదు.

నాన్నగారు ఇంగ్లిష్ నవలలు చదివేవారైతే కిండిలే కొనమంటా. నాకు అందులో పేచీ లేదు.

దేవరకొండ పాఠకుడు:
నాన్న ఇంగ్లిష్ జోలికే పోరు. ఆయన చదివేవన్నీ స్కాన్‌లే. అన్నా, పదంగుళాల బూక్స్ ఒకసారి చేత్తో పట్టుకుని చూడాలని ఉంది.

పాలమూరు చదువరి:
మహబూబ్‌నగర్ వస్తే నా దాంట్లో వేసి చూపిస్తా తమ్మీ. నాన్నగారినీ తీసుకురా. ఆయన పుస్తకాల్లో అన్నిటికంటే పెద్ద ఫైలు, ప్రింటు బాగా మాసిపోయినది పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకో. అది సాఫీగా నడిస్తే మిగతావాటికి ఇబ్బంది ఉండదు.