మంట వెలిగి ఏడు సెకన్లకే ఆరిపోతే తప్పు బోర్డుదేనా?

డాలస్ బాటసారి:

మా కుటుంబం ప్రస్తుతం కొలరాడోలోని ఎస్టెస్ పార్క్ దగ్గర, కరెంటు సదుపాయం లేని క్యాంపు స్థలంలో ఉంది. మా పదేళ్ల నాటి ట్రావెల్ ట్రైలరులో (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) 6 గ్యాలన్ల గ్యాస్ వాటర్ హీటర్ ఉంది. లోపల స్విచ్ వేస్తే చాలు, హీటరును నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డే స్పార్క్ ఇచ్చి మంట వెలిగించే రకం. నిన్న సాయంత్రం నుంచి అది మొరాయిస్తోంది. టిక్కు టిక్కుమని స్పార్క్ వస్తుంది, గుప్పున మంట అంటుకుంటుంది, ఆరేడు సెకన్లు మండి ఆరిపోతుంది. ఇలా మూడుసార్లు జరిగాక స్విచ్ పక్కనున్న ఎర్ర దీపం వెలుగుతుంది, అంతటితో హీటరు చేతులెత్తేస్తుంది. పొయ్యి బాగానే వెలుగుతోంది కాబట్టి గ్యాసుకు లోటు లేదు.

క్యాంపు స్థలాలకు వచ్చి మరమ్మతు చేసే మెకానిక్ ఒకరికి ఫోన్ చేశాను. లక్షణాలు విన్న వెంటనే ఆయన, బోర్డు పోయిందనీ, సోమవారం వచ్చి మారుస్తాననీ, మొత్తం 340 డాలర్లు అవుతుందనీ చెప్పారు. చూడకుండానే అంత ధీమాగా ఎలా చెప్పగలరన్నది నా సందేహం. ఎర్ర దీపం వెలిగితే బోర్డు మార్చడమే సరైన పద్ధతా, లేక అంతకంటే ముందు చూడవలసినవి ఏమైనా ఉన్నాయా? పిల్లల స్నానాలకు ప్రస్తుతానికి పొయ్యి మీదే నీళ్లు కాస్తున్నాం.

నీలిమంట:

బాటసారి గారూ, మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మీ బోర్డు చెడిపోలేదు సరికదా, తన పని తాను సక్రమంగా చేస్తోందనే నాకు అనిపిస్తోంది. రామగుండంలో బాయిలర్ల దగ్గర చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఇప్పుడు అరిజోనాలో మా అమ్మాయి ఇంటి దగ్గర ఒక పాత ట్రైలరు పెట్టుకుని దానితో కుస్తీ పడుతుంటాను. బాయిలరైనా, మీ చిన్న హీటరైనా సూత్రం ఒక్కటే. మంట ఉన్నట్టు రుజువు దొరకకపోతే గ్యాస్ ఆపేయాలి.

ఆ రుజువు బోర్డుకు ఎలా అందుతుందో తెలిస్తే మీ సందేహం సగం తీరుతుంది. స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రోడే చాలా హీటర్లలో మంటను పసిగట్టే పని కూడా చేస్తుంది. మండుతున్న గ్యాసులో విద్యుదావేశం ఉన్న అయాన్లు ఉంటాయి. ఎలక్ట్రోడ్ నుంచి మంటలోకి, మంట నుంచి బర్నరు లోహంలోకి, అక్కడి నుంచి ఎర్త్ తీగ ద్వారా తిరిగి బోర్డులోకి అతి స్వల్పమైన కరెంటు, మైక్రోఆంపియర్లలో, ప్రవహిస్తుంది. సుమారు ఏడు సెకన్లలోగా ఆ కరెంటు అందకపోతే బోర్డు వాల్వు మూసేస్తుంది. అంటే మీ కంటికి మంట కనబడుతున్నా బోర్డుకు కనబడటం లేదు. దారిలో ఎక్కడ తెగినా ఇదే లక్షణం వస్తుంది: ఎలక్ట్రోడ్ మీద మసి పట్టినా, దాని పింగాణీ చిట్లినా, మంట ఎలక్ట్రోడ్‌ను తాకకుండా పక్కకు వాలినా, ఎర్త్ స్క్రూ తుప్పు పట్టినా. ఇన్ని ఉండగా నేరుగా బోర్డు మీద నేరం మోపడం, దొంగతనం జరిగిందని కేకవేసిన కాపలావాణ్ణే పట్టుకుని కొట్టడం లాంటిది.

అందువల్ల ముందు బయటి జాలీ తలుపు తీసి, వెలిగిన ఆ ఆరేడు సెకన్లలో మంట రంగు గమనించండి. నీలంగా, గట్టిగా హోరుమంటూ మండాలి. పసుపుపచ్చగా, వేలాడుతున్నట్టు ఉంటే గాలి సరిగ్గా అందడం లేదని అర్థం. మీరు దాదాపు 2,300 మీటర్ల ఎత్తులో ఉన్నారు, అక్కడ గాలి పలుచన కాబట్టి కొంత పసుపు రావడం సహజమే కానీ, బర్నరు గొట్టంలో సాలెపురుగు గూడు కట్టినా ఇదే జరుగుతుంది. గ్యాస్ కట్టేసి, హీటరు పూర్తిగా చల్లారాక గొట్టం విప్పి సన్నటి బ్రష్షుతో శుభ్రం చేయండి. గ్యాస్ వచ్చే ఇత్తడి రంధ్రంలో మాత్రం పిన్నీసులు, తీగలు పెట్టకండి. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా మంట లెక్క తప్పుతుంది.

చక్రాల మీద ఇల్లు:

నీలిమంట గారి సిద్ధాంతంలో తప్పేమీ లేదు. అయితే నేను ఇదే వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి అవతలి మెకానిక్ పక్షాన కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. ఆయన ఒక్క ట్రైలరు కోసం కొండదారిలో గంటసేపు బండి నడుపుకుంటూ వస్తారు. ఎలక్ట్రోడ్ తుడిచి, మంట నిలిచిందని చెప్పి డబ్బు తీసుకుని వెళ్లిపోయాక, మర్నాడు రాత్రి అది మళ్లీ ఆరిపోతే తిట్లు తినేది ఆయనే. బోర్డు హీటరు తలుపు వెనకాలే ఉండే మోడళ్లలో వాన చెమ్మ, దారి దుమ్ము, బండి కుదుపులు అన్నీ దాని మీదే పడతాయి. బోర్డులు పోవడం అరుదేమీ కాదు. పైగా నేడు పనిచేసి రేపు పనిచేయని బోర్డును పరీక్షించి పట్టుకోవడం కంటే మార్చి చూడటమే త్వరగా తేలుతుంది.

ఇంకొక విషయం. ఇంటర్నెట్‌లో చదివి ఎలక్ట్రోడ్‌ను ఉప్పుకాగితంతో రుద్ది, పింగాణీ పగలగొట్టి, ఆ తరువాత మమ్మల్ని పిలిచేవారు తక్కువేమీ కాదు. స్పార్క్ పడే సందు ఇంచులో ఎనిమిదో వంతు, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు ఉండాలి. చేయి తగిలి అది మారితే ఉన్న జబ్బుకు తోడు కొత్త జబ్బు.

బాటసారి గారు పొయ్యి వెలుగుతోంది కాబట్టి గ్యాసుకు లోటు లేదన్నారు, ఆ మాట కూడా పూర్తిగా నిలవదు. పొయ్యి తక్కువ ఒత్తిడి మీద కూడా వెలుగుతుంది. ట్రైలరు ఉపకరణాలన్నిటికీ నీటి మట్టం కొలతలో 11 అంగుళాల ఒత్తిడి, అంటే గొట్టంలో నీటిని 11 అంగుళాలు పైకి నెట్టగల గ్యాస్ ఒత్తిడి, అందాలి. అది మనోమీటరు అనే ఒత్తిడి కొలిచే పరికరం పెట్టి చూస్తే తప్ప తెలియదు.

కృష్ణలంక:

నేను విజయవాడవాణ్ణి. ట్రైలర్ల సంగతి నాకు తెలియదు కానీ, మా ఇంట్లో గ్యాస్ గీజరు టిక్కు టిక్కుమంటూ అంటుకోకపోతే మేము మొట్టమొదట మార్చేది దాని కింద పెట్టెలో ఉన్న రెండు లావు బ్యాటరీలను. మీ దానికి కూడా బ్యాటరీయే ఆధారం కదా, దాన్ని చూశారా?

డాలస్ బాటసారి:

కృష్ణలంక గారూ, మంచి మాట గుర్తు చేశారు. ట్రైలరు బ్యాటరీ ఉదయం 12.4 వోల్టులు చూపించింది. సోలార్ పలక ఉంది కనుక పగలంతా చార్జ్ అవుతూనే ఉంటుంది.

చక్రాల మీద ఇల్లు:

అయితే బ్యాటరీని అనుమానించనవసరం లేదు. మామూలుగా 10.5 వోల్టుల కంటే దిగితేనే ఈ బోర్డులు తికమకపడతాయి. కాకపోతే ఉదయపు లెక్క మీద ఆధారపడకుండా, రాత్రి ఫర్నేస్ (ట్రైలరును వెచ్చగా ఉంచే గ్యాస్ యంత్రం) ఫ్యాను తిరుగుతుండగా మరొకసారి చూడండి.

అడ్డదారి:

ఇంత చర్చ దేనికో అర్థం కావడం లేదు. హీటరు తీగల మధ్య అధిక వేడికి తెగిపోయే చిన్న ఫ్యూజు ఒకటి ఉంటుంది. అది పోయినప్పుడు నేను రెండు కొసలూ కలిపి టేపు చుట్టేశాను. రెండేళ్లుగా ఏ బెంగా లేకుండా వాడుతున్నాను. బాటసారి గారు కూడా ఒక రాత్రికి అలా చేసి చూడవచ్చు.

నీలిమంట:

అడ్డదారి గారూ, ముందుగా మీ సలహా ఈ జబ్బుకు మందే కాదు. ఆట్‌వుడ్ కంపెనీ హీటర్లలో కనిపించే ఆ ఫ్యూజు తెగిపోతే బోర్డుకు కరెంటే అందదు, కాబట్టి స్పార్క్ కూడా రాదు. వీరికి స్పార్క్ వస్తోంది, మంట కూడా వస్తోంది.

ఇక రెండో మాట కొంచెం కటువుగానే చెబుతాను. గొట్టంలో గూడు అడ్డుపడి మంట లోపలికి పోకుండా బయటి తలుపు వైపు తన్నుకొచ్చినప్పుడు కరగడానికే దాన్ని అక్కడ పెట్టారు. మీరు కొసలు కలిపేసిన నాటి నుంచి, మంట వెనక్కి తన్నితే ఆపేవారు ఎవరూ లేరు. ఆ తలుపుకు అటువైపు ఉన్నది ప్లైవుడ్డు, స్పాంజి, మీ కుటుంబం పడుకునే మంచం. ఫ్యూజు మొదటిసారి ఎందుకు తెగిందో మీరు చూశారా?

చక్రాల మీద ఇల్లు:

ఈ ఒక్క విషయంలో నీలిమంట గారితో నాకు ఏ పేచీ లేదు. అడ్డదారి గారు ఆ టేపు ఈ రోజే విప్పి, కొత్త ఫ్యూజు వేసి, గొట్టం చూడాలి. అందాకా ఆ హీటరు వెలిగించకూడదు.

డాలస్ బాటసారి:

ఈ రోజు ఉదయం గ్యాస్ కట్టేసి పని మొదలుపెట్టాను. దానికి ముందు ఒకసారి వెలిగించి చూస్తే మంట సగం నీలం, కొసలు పసుపుగా ఉండి, గాలికి ఊగే దీపంలా అటూ ఇటూ వాలుతోంది. గొట్టం విప్పి తిరగేస్తే సాలెగూడు దూది ఉండలా జారిపడింది, దానితో పాటు మట్టి పెళ్లలు కొన్ని రాలాయి. మట్టితో గూడు కట్టే కందిరీగ ఏదో లోపల కాపురం పెట్టినట్టుంది. శుభ్రం చేసి, మళ్లీ బిగించి, కలుపుల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలు రావడం లేదని నిర్ధారించుకున్నాకే వెలిగించాను.

మంట నీలంగా వచ్చింది. అయినా మూడు ప్రయత్నాల్లో రెండుసార్లు ఆరిపోయింది. అప్పుడు ఎర్త్ స్క్రూ విప్పి చూస్తే దాని కింద తెల్లటి పొడి పేరుకుని ఉంది. దాన్ని గీకేశాను. పనిలో పనిగా బోర్డును సాకెట్ నుంచి లాగి, అంచున ఉన్న రాగి పట్టీలను మా అబ్బాయి పెన్సిల్ రబ్బరుతో నలుపు పోయేదాకా రుద్ది తిరిగి పెట్టాను. ఆ తరువాత ఎనిమిదిసార్లు వెలిగించాను, ఎనిమిదిసార్లూ నిలిచింది. మధ్యాహ్నానికల్లా అందరమూ వేడినీళ్ల స్నానాలు చేశాం.

చక్రాల మీద ఇల్లు:

సంతోషం. కానీ ఒక చిక్కు గమనించండి. ఎర్త్ స్క్రూ, బోర్డు పట్టీలు రెండూ ఒకేసారి శుభ్రం చేశారు కాబట్టి అసలు దోషం ఎక్కడుందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. పట్టీల నలుపే కారణమైతే, బోర్డు దగ్గరే లోపం ఉందన్న ఆ మెకానిక్ మాట సగమైనా నిజమైనట్టే కదా?

నీలిమంట:

పట్టీలకు పట్టిన నలుపును బోర్డు చెడిపోవడంగా లెక్కించడాన్ని నేను అంగీకరించలేను. చెప్పుకు అంటిన బురదను చూసి చెప్పు తెగిందని ఎవరూ అనరు. 340 డాలర్లకూ ఒక పెన్సిల్ రబ్బరుకూ ఉన్న తేడా ఇక్కడే ఉంది.

అయితే రెండు పనులు ఒకేసారి చేయడం పొరపాటేనన్న మీ మాట మాత్రం సరైనది. ఒకటి చేసి, వెలిగించి చూసి, ఆ తరువాతే రెండోది ముట్టుకోవాలని నేను ముందే చెప్పి ఉండవలసింది. ఎర్త్ అనుమానం వచ్చినప్పుడు బర్నరు లోహం నుంచి బ్యాటరీ నెగటివ్‌కు తాత్కాలికంగా ఒక తీగ కలిపి వెలిగిస్తే ఆ సంగతి విడిగా తేలిపోయేది.

చక్రాల మీద ఇల్లు:

బాటసారి గారూ, నా మాటగా ఒకటి చేయండి. సోమవారం మెకానిక్‌ను రావద్దనకండి. బోర్డు వద్దని చెప్పి, మనోమీటరు తెచ్చి గ్యాస్ ఒత్తిడి మాత్రం కొలవమనండి. గూడు తీశాక కూడా మంట మూడింట రెండుసార్లు ఆరిపోవడం నాకు మింగుడుపడటం లేదు.

డాలస్ బాటసారి:

సోమవారం సాయంత్రం రాస్తున్నాను. ఆయన వచ్చారు. బోర్డు వద్దన్నందుకు మొదట కొంచెం ముఖం ముడుచుకున్నా, పని మాత్రం శ్రద్ధగా చేశారు. ఒక్క హీటరు వెలిగించినప్పుడు ఒత్తిడి 10 అంగుళాలు చూపింది. ఫర్నేసు, పొయ్యి కూడా వెలిగించగానే 8 అంగుళాలకు పడిపోయింది. తప్పు సిలిండర్ల దగ్గరి రెగ్యులేటరుది. ట్రైలరుతో పాటు వచ్చిన పాతదే అది, ఎన్నడూ మార్చలేదు. కొత్తది బిగించాక మూడూ కలిసి నడుస్తున్నా 11 దగ్గర కదలకుండా నిలిచింది. మొత్తం 165 డాలర్లు తీసుకున్నారు.

అయితే ఇప్పుడు నాకే ఒక తిరకాసు మిగిలింది. రాత్రి చలికి ఫర్నేసు నడుస్తున్నప్పుడే హీటరు ఎక్కువగా మొరాయించిందని మా ఆవిడ అంటోంది. నేను దాన్ని గమనించనే లేదు.

నీలిమంట:

మీ ఆవిడ గమనించిన విషయమే మొదటి రోజు ఇక్కడ రాసి ఉంటే, నేను అయాన్ల గురించి అంత పెద్ద ఉపన్యాసం ఇవ్వవలసిన పని ఉండేది కాదు. ఒత్తిడి తగ్గితే మంట కుంచించుకుపోయి ఎలక్ట్రోడ్ దాకా అందదు. చక్రాల మీద ఇల్లు గారు పొయ్యి గురించి చెప్పిన మాటను నేను తేలికగా తీసుకున్నాను, అది నా లోపం. అయినా ఎర్త్ స్క్రూ కింది తెల్ల పొడిని మాత్రం నేను వదిలిపెట్టను.

చక్రాల మీద ఇల్లు:

వదలవద్దు. ఇంటికి చేరాక బాటసారి గారు ఆ స్క్రూను కావాలని కొంచెం వదులు చేసి వెలిగించి చూస్తే, మన ఇద్దరిలో ఎవరిది నిజమో తేలిపోతుంది.

డాలస్ బాటసారి:

క్షమించాలి, పనిచేస్తున్న హీటరును ఇక ముట్టుకోవద్దని ఇంట్లో నాకు గట్టి ఆజ్ఞ అయింది.