రోజూ అదే పని, అవే మ్యాచ్‌లు: ఫుట్‌బాల్ గేమ్ మీద మనసు పోతోంది, మీకెవరికైనా ఇలా అయిందా?

పర్లాకిమిడి_పదోనంబరు

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. నాన్నగారి బట్టల కొట్లో పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటాను, పెళ్లిళ్ల రోజుల్లో అయితే పాతపట్నం వైపు నుంచి కూడా జనం వస్తారు కాబట్టి ఇంకో గంట పడుతుంది. ఇంటికొచ్చి అన్నం తిన్నాక నాకంటూ మిగిలేది గంటన్నర. ఐదేళ్లుగా ఆ గంటన్నర మొత్తం ఏటా కొత్తగా వచ్చే ఫుట్‌బాల్ గేమ్‌కే (ఇదివరకు ఫిఫా అనేవాళ్లు) ఇచ్చాను, అందులోనూ ఆటగాళ్ల కార్డులతో టీమ్ కట్టుకునే మోడ్‌కి.

ఇప్పుడు ఆ గంటన్నరలో ఏం చేస్తున్నానో చెబుతాను. ఆన్ చేయగానే ఆ రోజు టాస్కులు చూస్తాను. ఫలానా లీగ్ డిఫెండర్‌తో మూడు గోల్స్ కొట్టాలి, ఫలానా దేశం ఆటగాళ్లతో ఐదు అసిస్టులు ఇవ్వాలి, ఇలాంటివి. వాటి కోసం నాకు ఇష్టం లేని టీమ్ పెట్టుకుని, కంప్యూటర్ మీద తక్కువ లెవెల్‌లో, డిఫెండర్‌ని తీసుకెళ్లి ముందు నిలబెట్టి గోల్స్ కొడతాను. అది అయ్యాక చిల్లర కార్డులన్నీ పోగేసి ఎస్‌బీసీల్లో, అంటే అడిగిన రకం కార్డులు ఇచ్చేస్తే బదులుగా బహుమతి ఇచ్చే వాటిలో, పడేస్తాను. శని, ఆదివారాలు వీకెండ్ లీగ్, ఆన్‌లైన్‌లో వేరేవాళ్లతో వరసగా ఆడే పోటీ. గురువారం రివార్డులు. మళ్లీ మొదలు.

మొన్న గురువారం ఒకటి జరిగింది, అందుకే ఈ పోస్ట్. రివార్డుగా వచ్చిన కార్డుల ప్యాక్ తెరిచినప్పుడు ముందు దేశం జెండా, తర్వాత పొజిషన్, తర్వాత క్లబ్ గుర్తు ఒక్కొక్కటిగా వస్తాయి కదా, ఒకప్పుడు అది చూస్తుంటే నాకు గుండె దడదడలాడేది, పక్క గదిలో అమ్మ నిద్ర లేస్తుందేమోనని నోరు మూసుకుని అరిచేవాణ్ని. మొన్న వేలు దానంతటదే స్కిప్ నొక్కేసింది. చూస్తే రెండు నెలల నుంచి నేను ఎదురుచూస్తున్న కార్డే వచ్చింది. నాకు సంతోషం రాలేదు. "అమ్మయ్య, ఇంక దీని కోసం ఆడక్కర్లేదు" అనిపించింది, అంతే. కంట్రోలర్ మంచం మీద పెట్టి చాలాసేపు అలా కూర్చున్నాను.

ఫుట్‌బాల్ అంటే ఇష్టం పోలేదు, రాత్రి పన్నెండున్నరకి వచ్చే మ్యాచ్‌లు ఇప్పటికీ మేలుకుని చూస్తాను. గేమ్ మీదే మనసు పోయింది. మానేద్దామంటే ఇన్నాళ్లూ కూడబెట్టిన టీమ్ వృథా అయిపోతుందని బాధ. తప్పు నాలో ఉందా, గేమ్‌లో ఉందా? ఇలా అయిన వాళ్లు ఏం చేశారో దయచేసి చెప్పండి.

---

రాయగడ_నాగావళిగట్టు

తమ్ముడూ, నాది ఫుట్‌బాల్ కాదు, కార్ల రేసు. గ్రాన్ టురిస్మో 7. కానీ ఆ "అమ్మయ్య" నాకు బాగా తెలుసు.

ఆ గేమ్ 2022 మార్చిలో వచ్చింది. నెల తిరక్కుండానే ఒక అప్‌డేట్‌లో చాలా రేసుల ప్రైజ్ మనీ తగ్గించారు. కొన్ని పాత కార్ల ధరేమో కోటిన్నర క్రెడిట్లు దాటి ఉండేది. ప్రపంచమంతా గోల చేస్తే, దాన్ని తయారుచేసిన కజునోరి యమౌచి క్షమాపణ చెప్పి, అందరికీ పది లక్షల క్రెడిట్లు ఇచ్చి, ఏప్రిల్‌లో రివార్డులు పెంచారు. కానీ పెంచాక కూడా మేం చేసింది అదే, ఎక్కువ డబ్బులొచ్చే రెండు మూడు రేసులు పట్టుకుని వాటినే తిప్పి తిప్పి ఆడటం. నేను లె మాన్స్ ట్రాక్‌లో అరగంట రేసు పట్టుకున్నాను. రెండు నెలలు దాదాపు ప్రతి రాత్రీ అదే. ఏ కారు ఎన్నో రౌండ్లో (ల్యాప్‌లో) టైర్లకీ పెట్రోలుకీ ఆగే పిట్‌లోకి వెళ్తుందో కళ్లు మూసుకుని చెప్పగలిగే స్థితికి వచ్చాను. చివరికి కావలసిన కారు కొని, నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ మీద ఒక్క రౌండ్ తిప్పి, గ్యారేజీలో పెట్టాను. ఆ కారు మళ్లీ బయటికి తీయలేదు.

తర్వాత నెలన్నర అసలు ఆడలేదు. మళ్లీ ఎలా మొదలుపెట్టానంటే, గ్యారేజీలో అన్నిటికంటే చవక కారు, చిన్న హోండా ఫిట్, దాన్ని తీసుకుని సుకుబా ట్రాక్ మీద ఒంటరిగా తిప్పాను. ప్రైజు లేదు, పోటీదారు లేడు. నా టైమ్ నేను నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. అక్కడ చివర్లో కుడివైపుకి ఒక పొడవాటి మలుపు ఉంటుంది, నేను అన్ని రోజులూ అందులోకి వేగంగా దూరి, మధ్యలో కారు బయటికి జారిపోతుంటే ఇంకా తిప్పేవాణ్ని. బ్రేకు ఒక్కసారిగా వదలకుండా మెల్లగా వదులుతూ లోపలికి వెళ్తే ముందు చక్రాలు పట్టు దొరకబుచ్చుకుంటాయని తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. మూడు వారాల్లో ల్యాప్ మీద రెండు సెకన్లు తగ్గాయి. అదే ట్రాక్, అవే మలుపులు, లె మాన్స్ కంటే ఎక్కువసార్లే తిరిగుంటాను, కానీ ఒక్కరోజు కూడా విసుగు రాలేదు. కాబట్టి చేసిందే చేయడం వల్ల విసుగొస్తుందంటే నేను ఒప్పుకోను. చేసినకొద్దీ మనకి ఏదైనా వస్తోందా లేదా అన్నది చూసుకో.

---

బరంపురం_మేడమీదగది

బాబూ, నీ ప్రశ్నకి సగం జవాబు నీ పోస్ట్‌లోనే ఉంది. "ఇష్టం లేని టీమ్ పెట్టుకుని" అన్నావు చూడు, అక్కడ.

నేను కాలేజీలో పాఠాలు చెబుతాను, ఈ విషయం క్లాసులో కూడా వస్తుంది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడి పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడమంటే ముందునుంచే ఇష్టం ఉన్న పిల్లల్నే తీసుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి వేయించారు. కొందరికి ఏమీ చెప్పకుండా తర్వాత ఇచ్చారు, కొందరికి అసలు ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఊరికే ఆడుకునే సమయంలో చూస్తే, ముందే బహుమతి ఆశ చూపించిన పిల్లలు మిగతావాళ్లు గడిపినదాంట్లో దాదాపు సగం సేపే బొమ్మల దగ్గర గడిపారు. ఆశ పెట్టకుండా ఇచ్చిన పిల్లలకి ఇష్టం తగ్గలేదు. బహుమతి చెడ్డదని కాదు, ముందే "ఇది చేస్తే అది" అని కట్టేసరికి ఇష్టంగా చేసేది కాస్తా కూలిపని అయిపోయింది. నీకు ఏ గేమ్ మీదైతే ఇష్టం ఉందో దానికి ఐదేళ్లుగా రోజూ సర్టిఫికెట్లు కడుతూ వచ్చారు.

ఇంకో మాట, "కూడబెట్టిన టీమ్" గురించి. ఈ కార్డుల మోడ్ 2009లో ఫిఫా 09తో వచ్చింది, అప్పటినుంచి నేను గమనిస్తున్నాను. కొత్త గేమ్ వచ్చినప్పుడల్లా పాత కార్డులు, పాత కాయిన్లు పాత గేమ్‌లోనే ఉండిపోతాయి. అంటే సెప్టెంబర్ వచ్చేసరికి ఆ టీమ్ ఎలాగూ పక్కకి వెళ్లేదే. వీకెండ్ లీగ్ సంగతే తీసుకో, ఫిఫా 17లో మొదలైనప్పుడు వారానికి 40 మ్యాచ్‌లు, ఫిఫా 19లో 30 చేశారు, ఫిఫా 22లో 20. జనం అలిసిపోతున్నారని వాళ్లకీ తెలుసు. నువ్వు అలిసిపోవడంలో తప్పేం లేదు.

నా సలహా ఒక్కటే. వచ్చే రెండు గురువారాలు రివార్డులు తెరవకు. గేమ్ మానొద్దు, ఆడు, కానీ టాస్కుల పేజీ చూడకుండా నేరుగా మ్యాచ్‌లోకి వెళ్లు, నీకు నచ్చిన పదకొండు మందితో. రెండు వారాల తర్వాత ఆడాలనిపిస్తే ఇష్టం బతికే ఉన్నట్టు.

---

నైట్‌షిఫ్ట్_రాయగడ

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు, నాది వేరే మాట. నేను పేపర్ మిల్లులో షిఫ్టుల్లో పనిచేస్తాను. షిఫ్టు దిగి ఇంటికొచ్చాక నిద్ర వెంటనే రాదు, బుర్ర తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు నాకు కావలసింది కష్టమైన మ్యాచ్ కాదు. కంప్యూటర్ మీద ఈజీగా గెలిచే మ్యాచ్‌లు రెండు, ఫోన్లో ఏదో పాత హరికథ పెట్టుకుని, చేతులు వాటంతటవే ఆడుతుంటాయి. నా భార్య పెసలు బాగుచేసుకుంటూ కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు అలా. అరగంటకి నిద్ర వస్తుంది. చేసిందే మళ్లీ మళ్లీ చేయడాన్ని గేమ్స్‌లో గ్రైండ్ అంటారు కదా, నాకు ఈ గ్రైండే మందు. కాబట్టి పదోనంబరు గారూ, మీకు అది విశ్రాంతి కావడం లేదు కాబట్టి వద్దు, అంతేగానీ గ్రైండ్ చేసేవాళ్లందరూ మోసపోతున్నారని మాత్రం అనుకోకండి.

---

జయపురం_లెఫ్ట్‌వింగ్

తమ్ముడూ, నేను మీ అక్కలాంటిదాన్ని, ఇద్దరు పిల్లలు, వాళ్లు పడుకున్నాకే నా ఆట. నేను మూడేళ్ల క్రితం కార్డుల మోడ్ వదిలేసి, ఒక క్లబ్‌ని సీజన్ల తరబడి మనమే నడిపే కెరీర్ మోడ్‌కి వచ్చేశాను, అప్పటినుంచి మళ్లీ ఆట కోసం సాయంత్రం ఎదురుచూస్తున్నాను. అందులో కూడా ఊరికే ఆడితే విసుగే, పెద్ద క్లబ్ తీసుకుని డబ్బులు పోసి అందర్నీ కొనేస్తే రెండో సీజన్‌కే అయిపోతుంది. అందుకని నేను షరతులు పెట్టుకుంటాను. ఇంగ్లండ్ నాలుగో డివిజన్‌లో ఒక చిన్న క్లబ్, బయట నుంచి ఒక్క ఆటగాణ్ణి కూడా కొనకూడదు, అకాడమీ నుంచి వచ్చిన పిల్లలే ఆడాలి. ఆ లీగ్‌లో సీజన్‌కి 46 మ్యాచ్‌లు ఉంటాయి, అన్నీ ఆడితే నేనూ నీలాగే అయిపోతాను. సగానికి పైగా సిమ్యులేట్ చేసేస్తాను, అంటే నేను ఆడకుండా ఫలితం గేమే తేల్చేస్తుంది. పోటీ దగ్గరగా ఉన్నవి, కప్పు మ్యాచ్‌లు, చివరి నాలుగు వారాలు, అవే ఆడతాను.

మొదటి సీజన్‌లో పదహారేళ్ల లెఫ్ట్ వింగర్ ఒకడు వచ్చాడు, రేటింగ్ యాభై రెండో ఎంతో, పరిగెత్తడం తప్ప ఏమీ రాదు, క్రాస్ వేస్తే గోల్‌పోస్ట్ వెనక్కి పోయేది. నాకు ఇంకొకడు లేడు కాబట్టి వాడితోనే ఆడాను. నాలుగు సీజన్ల తర్వాత వాడే కెప్టెన్. పై డివిజన్‌కి ఎక్కే మ్యాచ్‌లో 88వ నిమిషంలో వాడు వేసిన క్రాస్‌కే గోల్ వచ్చింది, నేను లేచి నిలబడ్డాను, మా ఆయన ఏమైందని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు. ఆ కుర్రాడు ఏ ప్యాక్‌లోనూ దొరకడు తమ్ముడూ. నీ గంటన్నరకి ఇది సరిపోతుంది, ఒకసారి చూడు.

---

గుణుపురం_గ్రౌండ్

నేను స్కూల్లో ఆటల మాస్టారుని. గేమ్స్ గురించి ఎక్కువ తెలియదు, మా అబ్బాయి ఆడుతుంటే చూస్తాను. పై మిత్రుడు సుకుబా మలుపు గురించి రాసింది చదివి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మా బళ్లో ఒక అమ్మాయికి త్రో-ఇన్ వేసేటప్పుడు కాలు లేచిపోయేది. ప్రతిసారీ ఫౌల్. రోజూ సాయంత్రం యాభై త్రోలు గోడకి వేయించాను, వెనక కాలి బొటనవేలు నేలకి రాస్తూ ఉండాలని ఒక్కటే చెప్పాను. నెల రోజులు. ఇసుకలో ఆ బొటనవేలి గీత పొడుగ్గా పడేది, అది చూసి ఇవాళ ఎన్ని సరిగ్గా పడ్డాయో తనే లెక్కపెట్టుకునేది. ఇప్పుడు తనకి ఆ సంగతి గుర్తు కూడా రాదు, కాలు నేల మీదే ఉంటుంది. మా అబ్బాయి గేమ్‌లో మూడు వందల మ్యాచ్‌లు ఆడాడు, పెరిగింది కార్డు మీద అంకె. వాడు డిఫెన్స్‌లో చేసే తప్పు మొదటి మ్యాచ్‌లో ఉన్నదే మూడు వందలో మ్యాచ్‌లోనూ ఉంది. బాబూ, నీకు ఆటలో సరిగ్గా రానిది ఒకటి ఎంచుకో, దాని మీద పది రోజులు కూర్చో.

---

పర్లాకిమిడి_పదోనంబరు

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఇంత ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్. మేడమీదగది సార్ చెప్పినట్టు మొన్న గురువారం రివార్డులు తెరవలేదు. మొదటి రెండు రోజులు నిజంగా టెన్షన్‌గానే ఉంది, కొట్లో కూర్చుని కూడా టాస్కులు పోతున్నాయే అని ఆలోచన. మూడో రోజుకి తగ్గింది. అక్కా, కెరీర్ మోడ్ మొదలుపెట్టాను, మీ షరతులతోనే. మాస్టారూ, నాకు రానిది ఏంటో చూసుకున్నాను, నేను డిఫెన్స్‌లో ఎప్పుడూ సెంటర్‌బ్యాక్‌ని ముందుకు లాగేస్తాను, వెనక ఖాళీ అయిపోతుంది. ఇప్పుడు అతన్ని ముట్టుకోకుండా మిడ్‌ఫీల్డర్‌తో అడ్డుకోవడం నేర్చుకుంటున్నాను. వరసగా ఐదు మ్యాచ్‌లు ఓడిపోయాను, అయినా నిన్న ఆరోది ఆడాలని ఎనిమిదిన్నర ఎప్పుడవుతుందా అని చూశాను.

ఆదివారం పాతపట్నం నుంచి మా పిన్ని కొడుకు వచ్చాడు. చిన్నప్పుడు వాడూ నేనూ ఒకే మంచం మీద కూర్చుని ఆడేవాళ్లం, నేను ఆన్‌లైన్‌కి వెళ్లాక అది పోయింది. రెండో కంట్రోలర్ స్టిక్ దానంతటదే ఎడమకి జారుతోంది, అందుకని మ్యాచ్ మ్యాచ్‌కీ కంట్రోలర్లు మార్చుకున్నాం. నాలుగు మ్యాచ్‌లు. మూడోదాంట్లో పెనాల్టీల దాకా వెళ్లింది, వాడి ఆఖరి కిక్ పోస్ట్‌కి తగిలింది. ఇద్దరం అరిచిన అరుపులకి అమ్మ నిజంగానే లేచి వచ్చింది.

రేపు రెండో గురువారం. పాత ప్యాక్‌లు అలాగే ఉన్నాయి, తెరవాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. మావాడు మాత్రం వచ్చే ఆదివారం తన కంట్రోలర్ తెచ్చుకుంటానన్నాడు.