‘ట్యాగర్’ని తెలుగులో ఏమనాలి? నీడా, ఉడుమా, తోకా?

మెల్‌బోర్న్‌లో ఉంటాం, ఇంట్లో ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) పిచ్చి ఎక్కువ. మొన్న మా నాన్న ఊరి నుంచి వస్తే 2023లో హాథోర్న్, కాలింగ్‌వుడ్ జట్లు ఆడిన మ్యాచ్ పెట్టాను. కాసేపు చూసి "ఒరేయ్, వాడేంట్రా బంతి మానేసి ఆ నలుపు తెలుపు చారల చొక్కావాడి వెనకాలే తిరుగుతున్నాడు?" అన్నారు. వాడు హాథోర్న్ ఆటగాడు ఫిన్ మగిన్నెస్, నలుపు తెలుపు చారల చొక్కా కాలింగ్‌వుడ్ నిక్ డేకాస్. అవతలి జట్టులో మేటి ఆటగాణ్ణి అంటిపెట్టుకుని ఆడనివ్వకుండా చేయడమే వాడి పని నాన్నా, ట్యాగర్ అంటారు అన్నాను. తెలుగులో చెప్పమన్నారు, ఇరుక్కుపోయాను.

మామూలుగా డేకాస్ మ్యాచ్‌కి ముప్పై సార్ల దాకా బంతి అందుకుని తన్నడమో, పిడికిలితో కొట్టి అందించడమో చేస్తాడు. ఆ రోజు 5 సార్లే. మోకాలికి దెబ్బ కూడా తగిలిందనుకోండి, అదీ లెక్కలో వేయాలి, కానీ హాథోర్న్ కోచ్ సామ్ మిచెల్ ఎత్తు మాత్రం పారింది.

జవాబు: ఉడుంపట్టు అనొచ్చుగా? ‘ఉడుం’ అంటే సరిపోతుంది.

నేను: పట్టుకుంటే తప్పండీ. బంతి చేతిలో లేనివాణ్ణి పట్టుకుంటే అంపైర్ ఫ్రీ కిక్ ఇచ్చేస్తాడు. ఆనుకుని ఉండాలి, పట్టుకోకూడదు, అదే అసలు విద్య.

జవాబు: వెన్నంటి ఉండేవాడు. అచ్చ తెలుగు.

ఇంకో జవాబు: ‘మీ వెన్నంటే ఉంటాం’ అని కార్యకర్తలు నాయకుడితో అంటారు, అది అండ. ‘నీడ’కీ అదే చిక్కు, నీడనిచ్చాడంటే కాపాడాడనే కదా. ‘వెంటాడు’ అంటే ముందువాడు పరిగెత్తుతుండాలి. ‘వెన్నాడు’ కొంచెం నయం, వదలకపోవడం అందులో ఉంది, కానీ దాన్నుంచి మనిషికి పేరు ఎలా చేస్తారు?

నేను: నాన్న మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ తేల్చేశారు, ‘తోక’ అని. నాకు బాగా నచ్చింది, ఎందుకంటే క్రియలు దాంతోపాటే వచ్చేస్తాయి. కోచ్ తోక తగిలించాడు. ఆటగాడు తోక తెంపుకున్నాడు. అవతలి కోచ్ తెలివైనవాడైతే తన ఆటగాణ్ణి గోల్ వైపు ఫార్వర్డ్‌గా పంపేస్తాడు, తోక కూడా వెనకే పోవాల్సిందే, మిడ్‌ఫీల్డ్ ఖాళీ. అసలు తోక తగిలించడమే ఖరీదైన పని: మైదానం మధ్యలో ఆట మొదలుపెట్టేటప్పుడు అక్కడి చతురస్రంలో జట్టుకి నలుగురే, అందులో ఒకడు బంతిని తట్టి అందించే రక్‌మన్, మిగిలిన ముగ్గురిలో ఒకడు మనిషినే చూస్తుంటే బంతికి మిగిలేది ఇద్దరు. అందుకే చాలామంది కోచ్‌లు వెనకాడతారు.

జవాబు: బాగుంది గానీ జాగ్రత్త, ‘తోక ముడిచాడు’ అని రాస్తే ట్యాగర్ పారిపోయాడనుకుంటారు.

నేను: దాన్ని కోచ్ ట్యాగర్‌ని మధ్యలో వెనక్కి పిలిచేసినప్పుడు వాడుకుంటాం లెండి.