న్యూయార్క్‌లో ఆన్‌లైన్ డిఫెన్సివ్ డ్రైవింగ్ (ప్రమాదాలు రాకుండా జాగ్రత్తగా నడపడం నేర్పే) కోర్సు చేసినవాళ్లు ఉన్నారా? కారు ఇన్సూరెన్స్ బిల్లు ఎంత తగ్గింది?

నమస్కారమండీ. మేం లాంగ్ ఐలండ్‌లో ఉంటాం, ఇంట్లో రెండు కార్లు. నిన్న ఇన్సూరెన్స్ రెన్యువల్ కాగితం వచ్చింది. ఆరు నెలలకు 1,940 డాలర్లు! పోయినసారి కంటే 260 ఎక్కువ. ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. మా ఆవిడకు మాత్రం మొన్న స్పీడింగ్ టికెట్ పడింది.

డీఎంవీ (వాహనాలు, లైసెన్సులు చూసే ప్రభుత్వ శాఖ) ఆమోదించిన కోర్సు చేస్తే ఇన్సూరెన్స్‌లో లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికి), నో-ఫాల్ట్ (తప్పెవరిదైనా వైద్య ఖర్చులకు), కొలిజన్ (గుద్దుకుంటే మన కారు రిపేర్‌కు) భాగాల బేస్ రేటులో, అంటే మూల ధరలో, దాదాపు 10 శాతం, మూడేళ్లపాటు తగ్గుతుంది. లైసెన్స్ సస్పెండ్ చేయాలా అని చూసేటప్పుడు లెక్కేసే టికెట్ పాయింట్లలోంచి 4 దాకా తీసేస్తారు, టికెట్ మాత్రం రికార్డులో అలాగే ఉంటుంది. ఇంతవరకు తెలుసుకున్నాను.

చేసినవాళ్లు చెప్పండి, మీ మొత్తం బిల్లులో చివరికి ఎన్ని డాలర్లు తగ్గాయి? రెండు కార్లకూ తగ్గాలంటే ఇద్దరమూ చేయాలా? 320 నిమిషాల కోర్సు కదా, పిల్లలు పడుకున్నాక రోజుకో గంట చొప్పున చేయొచ్చా? సర్టిఫికెట్ మనమే ఇన్సూరెన్స్ వాళ్లకు పంపాలా?

ఇంకో మాట. టికెట్ పడ్డప్పటి నుంచి మా ఆవిడకు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాలంటే టెన్షన్. మెర్జ్ అయ్యేటప్పుడు (వేగంగా వెళ్లే కార్ల వరుసలో కలిసేటప్పుడు) స్టీరింగ్ ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే వేళ్లు తెల్లబడిపోతాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ భయం తగ్గడానికి ఆన్‌లైన్ కోర్సు ఏమైనా పనికొస్తుందా, లేక క్లాసుకు వెళ్లి నేర్చుకోవడమే మంచిదా? రెన్యువల్‌కు ఇంకా మూడు వారాలుంది, ఈలోపు ఏదో ఒకటి మొదలుపెట్టాలి.